నాలుగడుగులు ముందుకు: ఆంద్రియాస్ గుర్‌స్కీ పెద్ద ఫోటోల గురించి

జర్మన్ ఫోటోగ్రాఫరు ఆంద్రియాస్ గుర్‌స్కీ ఫోటోలను నేను చాలా ఏళ్లు పుస్తకాల్లోనూ తెర మీదా మాత్రమే చూశాను, చూసి పేజీ తిప్పేశాను. బారులు తీరిన కిటికీలు, సరుకులతో నిండిన అరలు, ఎత్తు నుంచి తీసిన జనసమూహాలు అరచేతి వెడల్పులో చూసినప్పుడు ఎవరో నేర్పుగా నేసిన గళ్ల గుడ్డలా ఉండేవి. కన్ను ఆ నేతను ఒక్క చూపులో గ్రహించి, ఇక చూడవలసిందేమీ లేదని తేల్చేసేది. అంత పేరూ అంత ధరా వీటికెందుకు వచ్చాయో నాకు బోధపడేది కాదు. ఒక మ్యూజియంలో ‘పారిస్, మోంపర్నాస్’ అసలు ప్రింటు ముందు నిలబడిన రోజున నా పొరపాటు ఎక్కడుందో తెలిసింది.

1993లో తీసిన ఆ ఫోటోలో ఉన్నది పారిస్ నగరంలోని ఒకే ఒక్క నివాస భవనం. ఫ్రెంచి వాస్తుశిల్పి జాఁ ద్యుబుయిసోఁ రూపకల్పన చేయగా 1960లలో పూర్తయిన ఆ భవనంలో 700కు పైగా ఇళ్లున్నాయి. ప్రింటు వెడల్పు సుమారు 4 మీటర్లు. గది అవతలి గోడ దగ్గర నుంచి చూస్తే నాకు పుస్తకంలో కనిపించిన గళ్ల గుడ్డే కనిపించింది. అయితే నాలుగడుగులు ముందుకు వేసేసరికి ఒక్కొక్క గడీ ఒక్కొక్క ఇల్లయింది. ఒకరి కిటికీకి ఎర్ర తెర, పక్కింటి కిటికీ ఖాళీ, ఇంకొకరి గదిలో వెలుగుతున్న దీపం, అక్కడక్కడా మనిషి ఆకారం. ఎవరి ఇల్లూ ఎవరి ఇంటికన్నా ముఖ్యంగా లేదు, ఎవరి ఇల్లూ మసకబారి లేదు. మళ్లీ వెనక్కి నడిచి చూశాను. ఇళ్లన్నీ కరిగి గళ్లయ్యాయి. అలా ముందుకూ వెనక్కూ నడుస్తూ ఆ ఒక్క ఫోటో ముందు ఎంతసేపు గడిపానో గుర్తులేదు గాని, ఆ గదిలోని మిగతా చిత్రాలను ఆ రోజు సరిగా చూడలేకపోయాను.

గుర్‌స్కీ ఫోటోలు పెద్దవిగా ఉండడం ఆర్భాటమనీ, చిత్రకళ గోడల మీద చోటు సంపాదించడానికి ఫోటోగ్రఫీ వేసుకున్న పెద్ద వేషమనీ అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని ఆయన ఉత్తమమైన ఫోటోల విషయంలో నా అభిప్రాయం వేరు. వాటిలో పరిమాణం అనేది చూసేవాడి కాళ్లకు ఇచ్చిన పని. ఏ దూరంలో నిలబడాలో చెప్పకుండా, రెండు దూరాలనూ మన ముందుంచి, వాటి మధ్య నడవమంటాయి ఆ ఫోటోలు. దూరం నుంచి చూసినప్పుడు వ్యవస్థ, దగ్గర నుంచి చూసినప్పుడు మనిషి. ఈ రెంటినీ ఒకే కాగితం మీద, ఒకదాన్ని ఒకటి చెరిపేయకుండా నిలపడమే ఆయన సాధించిన విషయం. అలా నిలపలేకపోయిన చోట్ల ఆ ఫోటోలు నిజంగానే ఉత్త పెద్ద ఫోటోలుగా మిగిలిపోయాయని కూడా నేను అనుకుంటున్నాను.

ఆయన 1955లో లైప్‌జిగ్‌లో పుట్టారు. ఆయన పసితనంలోనే ఆ కుటుంబం తూర్పు జర్మనీని వదిలి పశ్చిమానికి వచ్చి, చివరికి డ్యూసెల్డార్ఫ్‌లో స్థిరపడింది. తాత ఫోటోగ్రాఫరు, తండ్రి వాణిజ్య ప్రకటనల ఫోటోగ్రాఫరు. స్టూడియో దీపాల మధ్య పెరిగిన కుర్రవాడు కాబట్టి రంగు, మెరుపు, సరుకును ఆకర్షణీయంగా చూపించే పద్ధతి ఆయనకు ఇంట్లోనే పట్టుబడ్డాయి. ఎస్సెన్‌లోని ఫోక్‌వాంగ్ పాఠశాలలో చదివాక, 1980ల మొదట్లో డ్యూసెల్డార్ఫ్ కళా అకాడమీలో బెర్న్‌డ్ బేషర్, హిల్లా బేషర్ దంపతుల దగ్గర చేరారు. ఉద్యోగం బెర్న్‌డ్ పేరు మీద ఉన్నా చదువు చెప్పింది ఇద్దరూ.

బేషర్ దంపతులు నేర్పినదానికీ గుర్‌స్కీ ఇంట్లో నేర్చుకున్నదానికీ పొత్తు కుదరదు. మూతపడబోతున్న కర్మాగారాలలోని నీటి ట్యాంకులనూ, ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేసులనూ, గని బావుల మీది ఇనుప గోపురాలనూ వాళ్లిద్దరూ దశాబ్దాల పాటు నలుపు తెలుపుల్లో తీశారు. ఎండ లేని మబ్బు రోజు, ఎదురుగా ఒకే కోణం, మనుషులు లేని నేల, చివరికి ఆ ఫోటోలన్నింటినీ వరసలుగా పేర్చి ఒకే గోడ మీద ప్రదర్శించడం: ఇదీ వాళ్ల నియమం. 1990లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో వాళ్ల ఫోటోలకు శిల్పకళా విభాగంలో గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చారంటే, ఆ నియమం ఎంత దూరం పోయిందో ఊహించవచ్చు. తోమస్ స్ట్రూత్, తోమస్ రూఫ్, కాండిడా హ్యోఫర్, ఆక్సెల్ హ్యూట్టె వంటి వాళ్లంతా ఆ తరగతి నుంచి వచ్చినవాళ్లే. గురువులు పది పదిహేను చిన్న ఫోటోలను పక్కపక్కన పేర్చి చూపించిన పోలికనూ తేడానూ గుర్‌స్కీ ఒకే ఫోటో లోపలికి తెచ్చారని నాకనిపిస్తుంది. మోంపర్నాస్ భవనం అలాంటి పేర్పే, కాకపోతే పేర్చింది ద్యుబుయిసోఁ, నింపింది ఆ ఇళ్లవాళ్లు.

ఈ మార్గం ఆయనకు అనుకోకుండా దొరికింది. 1984లో స్విట్జర్లాండులో సెలవులు గడుపుతూ క్లౌసెన్ కనుమ దగ్గర ఒక కొండ ఫోటో తీశారు. వెంట ఉన్నవాళ్లు అడిగితే తీసినది, ప్రత్యేకమైన ఉద్దేశమేమీ లేదు. కొన్ని నెలల తరువాత దాన్ని పెద్దది చేసి చూస్తే ఆ కొండవాలు మీద చెదురుమదురుగా నడుస్తున్న మనుషులు చీమలంతగా కనబడ్డారు. తీసినప్పుడు ఆయన వాళ్లను చూడనేలేదు. కెమెరా చూసింది, ఫిల్ము దాచింది, ప్రింటు పెద్దదయ్యాక బయటపెట్టింది. ఆ తరువాతి కొన్నేళ్లలో తీసిన ఈతకొలనులు, నదీలోయలు, ఆదివారపు విహారాలు అన్నింటిలోనూ ఆ కొండవాలు జ్ఞాపకం ఉంది. దూరంగా, ఎత్తుగా నిలబడటం, ఎవరినీ ప్రత్యేకించి ఎన్నుకోకపోవడం, చిన్న మనిషిని చిన్నగానే ఉంచి స్పష్టంగా ఉంచడం.

ఇక్కడ సాంకేతిక విషయం కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే పరిమాణం గురించిన వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కొక్క చిత్రం వెడల్పు 36 మిల్లీమీటర్లు. దాన్ని 4 మీటర్లకు పెంచాలంటే 110 రెట్లు సాగదీయాలి, అంత సాగదీస్తే మనిషి ముఖం మసక చుక్కల గుంపవుతుంది. గుర్‌స్కీ వాడిన లార్జ్ ఫార్మాట్ కెమెరాలో ఒక్కొక్క ఫిల్ము ముక్క 13 సెంటీమీటర్ల ఎత్తు, 18 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అదే 4 మీటర్లకు పెంచితే 22 రెట్లే. అంటే ఆ ఫోటో పెద్దదిగా ఉండటానికి కారణం ఫిల్ములో అంత సమాచారం ఉండటం, దాన్ని విప్పి చూపించడానికి అంత కాగితం అవసరం కావడం. దుర్భిణిలో చూసినట్టు ఒక్క మూలను మాత్రమే పెంచి చూపించవచ్చు కదా అంటే, అప్పుడు చూసేవాడు ఎటు చూడాలో ఫోటోగ్రాఫరే నిర్ణయించినట్టవుతుంది. మొత్తాన్నీ పెంచినప్పుడు ఆ నిర్ణయం మనది.

అయితే ఆ కాగితాన్ని గోడకెక్కించడం తేలిక కాదు. డ్యూసెల్డార్ఫ్‌లో ఆ తరం వాళ్లు డయాసెక్ అనే పద్ధతిని వాడారు. రంగుల ప్రింటు ముఖభాగాన్నే మందపాటి యాక్రిలిక్ పలకకు సిలికోన్‌తో అతికిస్తారు. గాలి పొర ఉండదు కనుక రంగులు లోతుగా, తడిగా కనిపిస్తాయి, కాగితం అలలు తేలదు. రూఫ్ 1986 నుంచి పాస్‌పోర్టు ఫోటోల్లాంటి ముఖాలను రెండు మీటర్ల ఎత్తుకు పెంచి చూపించింది ఈ పద్ధతితోనే. కాని ఒకసారి అతికించాక విడదీయడం సాధ్యం కాదు. పలక మీద గీత పడితే ఫోటో మీద పడినట్టే. పైగా ఆ రకం రంగుల ప్రింటు వెలుతురుకు క్రమంగా వెలిసిపోతుంది. రాతి గోడలా నిలిచి ఉన్నట్టు కనిపించే ఈ ఫోటోలు నిజానికి నీటిరంగుల చిత్రాలంత సుకుమారమైనవన్న సంగతి తెలిశాక వాటి ముందు నిలబడటమే వేరుగా అనిపిస్తుంది.

1990 ఆయన జీవితంలో మలుపు. ఇటలీలో సాలెర్నో రేవును కొండ మీద నుంచి తీసినప్పుడు, ఎగుమతికి బారులు తీర్చిన వందల కార్లు, వాటి వెనుక కంటెయినర్లు, ఆ వెనుక పట్టణం, ఆపైన కొండలు, అన్నీ ఒకే స్పష్టతతో ఒకే తలం మీదికి వచ్చాయి. అదే ఏడాది, వార్తాపత్రికలో చూసిన ఒక ఫోటో ప్రేరణతో టోక్యో స్టాక్ ఎక్స్చేంజికి వెళ్లారు. అప్పటినుంచి ఆయన విషయం ప్రపంచీకరణ అనే మాటకు కనిపించే రూపం వెతకడమే అయింది: హాంకాంగ్ బ్యాంకు భవనం, చికాగో ధాన్య వ్యాపార ఎక్స్చేంజి, డార్ట్‌మండ్ హాలులో మేడే సంగీతోత్సవపు జనసముద్రం. డబ్బు ఎక్కడుంటుందో ఎవరూ ఫోటో తీయలేరు. అది కదిలేటప్పుడు దాని చుట్టూ మూగే మనుషులను తీయగలరు. 1999లో తీసిన ‘చికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 2’లో కొన్ని భాగాలను ఒకదాని మీద ఒకటిగా రెండేసి సార్లు ముద్రించడం వల్ల ఆ దళారుల రంగురంగుల కోట్లు వణుకుతున్నట్టుంటాయి. ఆ వణుకు దగ్గరికి వెళితేనే తెలుస్తుంది.

1990ల మొదట్లో ఆయన కంప్యూటరు వాడటం మొదలుపెట్టారు. ఇక్కడి నుంచే అసలు వివాదం మొదలవుతుంది, నా వాదన కూడా. మోంపర్నాస్ భవనం అంత వెడల్పుగా ఒకే చోటు నుంచి చూడటానికి వీలుపడదు. రెండు చోట్ల నుంచి తీసిన ఫోటోలను కలిపి ఆ ముఖభాగాన్ని కట్టారు. దాన్ని మోసమని నేను అనలేను. ఆ కలపడంలో ఎవరి కిటికీ పోలేదు, ఎవరి కిటికీ కొత్తగా పుట్టలేదు. దగ్గరికి వెళ్లి చూసేవాడికి ఆ ఫోటో ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. నా కొలమానం ఇదొక్కటే: దిద్దుబాటు జరిగిందా లేదా అని కాదు, దగ్గరికి వచ్చి చూసినవాడిని అది వంచించిందా లేదా అని.

ఆ కొలమానంతో ‘రైన్ 2’ దగ్గరికి వెళితే నాకు తికమకగా ఉంటుంది. 1999 నాటి ఆ ఫోటోలో చూడటానికి ఏమీ లేదు, అదే దాని గొప్పతనం. పైన బూడిదరంగు ఆకాశం, కింద పచ్చిక, నది, మళ్లీ పచ్చిక, సన్నని కాలిబాట, మళ్లీ పచ్చిక. అన్నీ గీత గీసినట్టు అడ్డంగా పరచుకున్న పట్టీలు. ఆ చోటు డ్యూసెల్డార్ఫ్ దగ్గర రైన్ నది గట్టు. అవతలి ఒడ్డున ఉన్న కర్మాగార భవనాన్నీ, కుక్కలతో వాహ్యాళికి వచ్చిన మనుషులనూ ఆయన కంప్యూటరులో తీసేశారు. ఇలాంటి రైన్ అక్కడ నిలబడితే కనిపించదనీ, నేటి నదికి సరైన రూపం ఇవ్వాలంటే కల్పన అవసరమైందనీ ఆయనే చెప్పారు. ఆ మాటను నేను గౌరవిస్తాను. మనిషి గట్లు కట్టి కాలువలా మార్చుకున్న నదిని గీతలతో చూపించడం అబద్ధం కాదు. అయినా ఒక విషయం నన్ను వదలదు. 1984లో క్లౌసెన్ కనుమ దగ్గర తాను చూడని బాటసారులను ప్రింటులో కనుగొని, వాళ్ల నుంచి తన కళనంతా నేర్చుకున్న మనిషి, 15 ఏళ్ల తరువాత రైన్ గట్టు మీది బాటసారులను చూసి మరీ తుడిచేశారు. ఆ ఫోటో దూరం నుంచి అద్భుతం. కాని దగ్గరికి నడిచినవాడికి అక్కడ దక్కేది గడ్డిపరకలే.

2011 నవంబరులో న్యూయార్కులో క్రిస్టీస్ వేలంలో ఆ ఫోటో ప్రింటు ఒకటి 43,38,500 డాలర్లకు అమ్ముడుపోయింది. 2022 మేలో అమెరికన్ కళాకారుడు మన్ రే ఫోటో ఒకటి 1.24 కోట్ల డాలర్లు పలికేదాకా వేలంలో అంత ధర ఏ ఫోటోకూ రాలేదు. ఆ వార్త తరువాత ‘గడ్డీ నీళ్లూ ఉన్న ఫోటోకు ఇంత డబ్బా’ అన్న ఆశ్చర్యమే గుర్‌స్కీ గురించిన చర్చగా చలామణీ అయింది. ధర ఆయన ఫోటోలకు చేసిన అపకారం ఇది: మనుషులు నిండిన ఆయన చిత్రాలన్నింటికీ ముందు మనుషులు లేని ఈ ఒక్క చిత్రాన్ని నిలబెట్టింది.

ఆయన మీద వచ్చే మరో అభ్యంతరం దీనికన్నా బరువైనది. శ్రమ చేసే మనుషులను అలంకారంగా మార్చేస్తున్నారని. 2004లో వియత్నాంలో తీసిన ‘న్యా ట్రాంగ్’లో పేము సామాను అల్లే ఒక కర్మాగారం నేలంతా మనుషులతో నిండి ఉంటుంది. చిన్న సైజులో చూస్తే ఈ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు నిజం. ప్రింటు సైజులో చూస్తే మాత్రం అక్కడ గుంపు లేదు. వంగిన మెడలు, ఒడిలో సగం అల్లిన బుట్టలు, పని ఆపి తల ఎత్తిన ఒకరిద్దరు, ఎవరి చేతుల కదలిక వాళ్లది. ఆ మనుషులను అలంకారంగా చేసింది ఆ పని విధానం; ఫోటో దూరం నుంచి ఆ సంగతి చెప్పి, దగ్గర నుంచి దానికి ఎదురు చెబుతోంది.

2007 నాటి ప్యాంగ్‌యాంగ్ ఫోటోల గురించి మాత్రం ఆ మాట అనలేను. ఉత్తర కొరియా ప్రభుత్వం అప్పట్లో జరిపిన అరిరాంగ్ అనే సామూహిక విన్యాసాల ప్రదర్శనలో వేలాదిమంది ఒకే లయలో కదిలి బొమ్మలుగా మారేవారు. ఆ దృశ్యం ఏ ఎత్తు నుంచి, ఎంత దూరం నుంచి చూడాలో దాన్ని నడిపించేవాళ్లు ముందే నిర్ణయించి పెట్టారు. కెమెరా వెళ్లి వాళ్లు వేసిన కుర్చీలోనే కూర్చుంది. సాలెర్నోలో తాను వెతికి పట్టుకున్న దూరాన్ని ఇక్కడ ఇంకొకరి చేతి నుంచి తీసుకున్నారు. అదే ఏడాది జపానులో భూమికి వెయ్యి మీటర్ల లోతున ఉన్న సూపర్ కామియోకాండే అనే, న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలను పసిగట్టే ప్రయోగశాలను తీసిన ఫోటో నాకు దానికి సరైన జవాబుగా కనిపిస్తుంది. 50,000 టన్నుల నీళ్లు పట్టే ఆ తొట్టి గోడల నిండా 11,000కు పైగా బంగారురంగు గాజు బుడగలు. అంతా ఒకే నమూనా, ఎక్కడా తేడా లేదు. కింద ఒక మూలన నీటి మీద చిన్న పడవలు, వాటిలో మనుషులు. వాళ్లను వెతికి పట్టుకున్నాకగాని ఆ తొట్టి ఎంత పెద్దదో తెలియదు.

2010లో వచ్చిన ‘ఓషన్’ వరసను నేను ఎక్కువగా ప్రేమించలేకపోయాను. విమానంలో ముందుసీటు తెర మీద కదిలే పటాన్ని చూస్తుండగా వచ్చిన ఆలోచనతో, ఉపగ్రహ చిత్రాలను ఆధారం చేసుకుని సముద్రాలను కంప్యూటరులో నిర్మించారు. అంచుల్లో సన్నగా నేల, మధ్యలో ముదురు నీలం. ఆ దూరం నుంచి ముందుకు వేయడానికి అడుగులు లేవు.

2016లో ఆయన అమెరికాలోని ఫీనిక్స్ దగ్గర అమెజాన్ గోదామును తీశారు. దాని ప్రింటు కూడా 4 మీటర్ల వెడల్పే. ఆ గోదాములో సరుకులను రకాన్ని బట్టి సర్దరు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ పెడతారు, ఏది ఎక్కడుందో కంప్యూటరుకు మాత్రమే తెలుస్తుంది. అందువల్ల, అన్నీ 99 సెంట్లకే అమ్మే అమెరికా దుకాణాన్ని తీసిన ఆయన పాత ఫోటో ‘99 సెంట్’లో రంగులవారీగా పేర్చిన సరుకుల క్రమం ఇక్కడ లేదు. పుస్తకం పక్కన బొమ్మ, బొమ్మ పక్కన మరేదో. వేరువేరు చోట్ల నుంచి తీసిన ఫోటోలను కలిపినందువల్ల మొదటి వరసా చివరి వరసా ఒకే స్పష్టతతో ఉంటాయి. కష్టపడి పనిచేయండి, సరదాగా ఉండండి, చరిత్ర సృష్టించండి అన్న మాటలు స్తంభాల మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. దూరం నుంచి చూస్తే అది ఎండలో మెరిసే పూలతోటలా ఉంది. మోంపర్నాస్ ముందు అలవాటైనట్టే నేను నాలుగడుగులు ముందుకు వేసి, ఒక్కొక్క అరా వెతికాను. అట్ట పెట్టెల మీది అక్షరాలు చదవగలిగాను, పుస్తకాల అంచులు లెక్కపెట్టగలిగాను. ఎవరైనా కనబడతారేమోనని స్తంభాల పక్కన, వరసల మధ్య సందుల్లో, చివరి గోడ దాకా చూశాను. వాళ్లను ఆయన తుడిచేశారా, ఆ గోదామే ముందుగా తుడిచేసిందా అని ఆ ప్రింటు ముందు నిలబడి చాలాసేపు ఆలోచించాను.